చిన్న కొనుగోళ్ల ఆమోదం అధికారులకే వదిలేయవచ్చా?

ఎంవీపీ కాలనీ గృహిణి:
విశాఖలోని మా కాలనీ సంఘంలో ఈ వారమంతా ఇదే వాదన. వీధి దీపాలు, బ్లీచింగ్ పౌడర్, పంపు మోటార్ల రిపేరు లాంటి చిన్న కాంట్రాక్టులు కార్పొరేటర్లుండే స్టాండింగ్ కమిటీ దాకా పోకుండా కమిషనర్, జోనల్ కమిషనర్ల స్థాయిలోనే తేల్చేలా పరిమితి పెంచమని వినతిపత్రం ఇద్దామని కొందరు అంటున్నారు. మా సెక్రటరీ గారు మాత్రం ససేమిరా అంటున్నారు. "కార్పొరేటర్‌ని అయితే వీధిలో నిలబెట్టి అడగగలం, ఆఫీసర్‌ని ఎక్కడ పట్టుకుంటాం?" అని ఆయన మాట. నాకు రెండూ సబబుగానే ఉన్నాయి. లోపలి పని తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక నుంచి:
పెంచాల్సిందే మేడమ్. 98 వార్డుల ఊరు మనది. వానాకాలంలో పంపు మోటారు కాలిపోతే అజెండాలో ఎక్కేదాకా ఆగాలా? స్టాండింగ్ కమిటీలో ఉండేది పదిమంది. వాళ్లు పెద్ద రోడ్లు, డ్రైనేజీల సంగతి చూస్తే చాలు.

రిటైర్డ్ ఏఈ:
అమ్మా, నేను మున్సిపల్ ఇంజనీరింగ్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, పనిచేసి రిటైరయ్యాను. అధికారులకు ఇవ్వాలనే నా అభిప్రాయం. కానీ ఒక షరతు ఉంది.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందిగా, 2014 అక్టోబరు 12. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, కరెంటు లేదు, నీళ్లు లేవు. అలాంటప్పుడు జనరేటరుకు, చెట్లు కోసే మిషన్లకు ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడలేం. మామూలు రోజుల్లో కూడా కొళాయి వాల్వు పోయిందంటే ఆ వీధికి నీళ్లు రావు. చిన్న ఫైలైనా పెద్ద ఫైలైనా తిరిగే బల్లలు దాదాపు ఒకటే. ఎస్టిమేటు, సాంకేతిక అనుమతి, పాలనా అనుమతి, అకౌంట్సు, ఆడిట్. దాని మీద కమిటీ ఒకటి చేరితే, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియక మంచి సప్లయర్లు కొటేషన్ వేయడమే మానేస్తారు. ఆలస్యాన్ని తట్టుకోగలిగినవాళ్లే మిగులుతారు. వాళ్లు ఆ ఆలస్యాన్ని కూడా రేటులో కలుపుతారు.

ఇక షరతు. పరిమితి ఎంత పెట్టినా, పని దానికి సరిపోయేలా ముక్కలవుతుంది. నేను పనిచేసిన ఒక చిన్న మున్సిపాలిటీలో ఒకే కాలువ పూడికతీతను మూడు బిట్లు చేసి, మూడు ఎస్టిమేట్లు రాసి, మూడూ నామినేషన్ మీద, అంటే టెండరు పిలవకుండా, ఒకే మనిషికి ఇచ్చారు. ఏ ఫైలు తెరిచినా రూల్ ప్రకారమే ఉంటుంది. మూడూ పక్కపక్కన పెడితేనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకని పరిమితిని ఒక్కో ఫైలుకు పెట్టకూడదు. ఒక జోన్‌లో ఒక రకం వస్తువుకు, ఒక రకం పనికి ఏడాది మొత్తం ఖర్చు మీద పెట్టాలి. ఆ మొత్తం దాటితే తర్వాతి ఫైలు ఎంత చిన్నదైనా కమిటీకి వెళ్లాలి. బల్బులు, బ్లీచింగ్ లాంటివైతే ఏటా ఎంత కావాలో ముందే తెలుసు కాబట్టి, ఏడాదికి ఒకసారి టెండరు పిలిచి, ఏడాదంతా ఒకే రేటుకు సరఫరా చేసే రేట్ కాంట్రాక్టు పెట్టుకుంటే సగం గొడవ ఉండదు.

కేంద్రం రూల్స్‌లోనూ మెట్లున్నాయి. 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 25,000 రూపాయల దాకా కొటేషన్ లేకుండా, ఆపైన రెండున్నర లక్షల దాకా ముగ్గురి కమిటీ మార్కెట్లో రేట్లు చూసి కొనవచ్చని రాశారు. తర్వాత ఆ అంకెలు పెంచారు. అవి మన కార్పొరేషన్‌కు నేరుగా వర్తించవు కానీ, ఒక్కరి సంతకంతో కాకుండా ముగ్గురు చూసి కొనే పద్ధతి మాత్రం మనం అడగదగ్గదే.

పెందుర్తి:
ఏఈ గారూ, 2012 నుంచి 2021 దాకా మన ఊరికి ఎన్నికైన కౌన్సిలే లేదు. ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. ఏది ఎంతకు కొన్నారని సభలో లేచి అడిగే మనిషే లేడు. మళ్లీ అధికారం అటే పోవాలంటారా?

రిటైర్డ్ ఏఈ:
న్యాయమైన మాట. ఆ తొమ్మిదేళ్లూ అడిగేవాడు లేకపోవడమే నాకూ బాధ. నేను వదలమంటున్నది ముందు పెట్టే సంతకాన్నే. తర్వాత అడిగే హక్కును వదలకూడదు. అధికారులు ఆమోదించిన ప్రతి కొనుగోలూ ఏం కొన్నారు, ఎంతకు, ఎవరి దగ్గర, ఎన్ని కొటేషన్లు వచ్చాయి అనే వివరాలతో జాబితాగా తర్వాతి సమావేశం ముందుకు రావాలి. అప్పటికప్పుడు చేతికిచ్చే టేబుల్ అజెండాగా మాత్రం వద్దు, చదివే టైమే ఉండదు. ముందే పంపాలి, వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి.

ఎంవీపీ కాలనీ గృహిణి:
చాలా థ్యాంక్సండీ. ఏడాది మొత్తం మీద పరిమితి, ముందుగా పంపే జాబితా, ఈ రెండూ ఉంటే సంతకం పెడతానన్నారు మా సెక్రటరీ గారు. మా జోన్‌లో ఇప్పటికే ముక్కలు చేసి కొంటున్నారో లేదో ముందు ఎలా తెలుసుకోవాలి?

రిటైర్డ్ ఏఈ:
సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "చిన్న కొనుగోళ్ల వివరాలు" అని రాస్తే ఏదో ఒకటి ఇచ్చి పంపేస్తారు. మీ జోన్‌లో గత ఆర్థిక సంవత్సరం నామినేషన్ మీద ఇచ్చిన పనుల జాబితా, తేదీ, మొత్తం, ఎవరికిచ్చారు అని విడివిడిగా అడగండి. వచ్చాక తేదీల వరసలో కాకుండా కాంట్రాక్టరు పేరు వరసలో పెట్టుకుని చూడండి.