పాత ప్రాసెసర్లలో బంగారం: డాబా మీద యాసిడ్‌తో తీయడం తప్పా?

రిపేర్ షాపు:
సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్ దగ్గర కంప్యూటర్లు బాగుచేస్తాను. పాత ప్రాసెసర్లు రెండు బస్తాలు పోగయ్యాయి. స్క్రాప్ వాళ్లు కిలో లెక్కన అడుగుతున్నారు. అందులో బంగారం వాళ్లకెందుకు వదలాలి? తేజాబ్ తెచ్చి నేనే తీసుకుంటే తప్పేంటి? కంసాలి చేసేదీ అదే కదా.

కెమిస్ట్రీ లెక్చరర్:
అదే కాదన్నా. కంసాలి చేతిలో ఉన్నది బంగారం, దాంట్లో కాస్త రాగి. మీ దగ్గర రాగి, నికెల్ ఎక్కువ, బంగారం పైపూత మాత్రమే. ఆ లోహాలన్నీ కరిగేదాకా యాసిడ్ పోస్తూనే ఉండాలి. నైట్రిక్ యాసిడ్ రాగిని తాకగానే ఎర్రటి గోధుమరంగు పొగ లేస్తుంది, అది నైట్రోజన్ డైఆక్సైడ్. పీల్చినప్పుడు కొంచెం దగ్గు వస్తుంది, అంతే అనుకుంటాం. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. పక్క డాబా మీద పిల్లలు ఆడుకుంటుంటారు, వాళ్ల సంగతేంటి?

పాత హార్డ్‌వేర్:
1995 నాటి ఇంటెల్ పెంటియం ప్రో లాంటి, సెరామిక్ (పింగాణీ లాంటి) పలక ఉన్న ప్రాసెసర్లు ఉంటే కరిగించకండి బ్రో, దాచుకునేవాళ్లు చిప్‌గానే కొంటారు. ఇక కొత్తవాటి మీద ఆశ వద్దు, 2004లో మొదలైన కొత్త డిజైన్ ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లకు బంగారు పూత పిన్నులే లేవు.

మెట్‌పల్లి:
వద్దనడం తేలికే. మనం అమ్మిన స్క్రాప్ ఢిల్లీ సీలంపూర్‌కో, మొరాదాబాద్‌కో చేరితే అక్కడ ఎవరో పేదవాడు ఇదే పొగ పీలుస్తాడు. అది మాత్రం ఒప్పా?

కెమిస్ట్రీ లెక్చరర్:
ఒప్పు కాదండీ. మీ మాట నన్ను కలవరపెట్టింది. అందుకే ఎక్కువ ధర ఇచ్చేవాడికి కాదు, రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇవ్వాలంటాను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లర్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావడం తప్పనిసరి. డబ్బు తక్కువే వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆశ పెట్టుకోవడానికి ఇందులో ఎంతుందో చూడండి. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ దాదాపు 79 వేల టన్నుల పాత పరికరాలు, 62 లక్షల ఫోన్లు సేకరిస్తే దొరికిన బంగారం 32 కిలోలు.

రిపేర్ షాపు:
సరే, సెరామిక్‌వి వేరు చేస్తాను. ఇంకో సంగతి, చెప్పక తప్పడం లేదు. నిరుడు మా షాపు కుర్రాడు ఒకసారి ప్రయత్నించాడు. ఆ ఆకుపచ్చ నీళ్ల బకెట్ ఇంకా మెట్ల కిందే ఉంది. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

కెమిస్ట్రీ లెక్చరర్:
డ్రైనేజీలో పోయకండి. బ్లీచింగ్ కలపకండి, విషవాయువు వస్తుంది. మూత గట్టిగా బిగించకండి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ మెట్ల వైపు ఎవరినీ రానివ్వకండి. హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం ఉంది. రేపు పొద్దున్నే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేసి, అక్కడికి ఎలా పంపాలో అడగండి.