ఇంట్ల లినక్స్‌కి యూజర్ ప్రాసెస్ లిమిట్ ఎంత పెట్టాలె?

హన్మకొండ_పోరడు:
అన్నలూ, ఇంట్ల ఒక్కటే సిస్టం, ఉబుంటు, 8 జీబీ ర్యామ్, నేను మా తమ్ముడు చెరో అకౌంట్‌తోని వాడుతం. వాడు ఓఎస్ ల్యాబ్ కోసం సీ ల ఫోర్క్ (నడిచే ప్రోగ్రాం, అంటే ప్రాసెస్, ఇంకో ప్రాసెస్‌ని పుట్టించుడు) ప్రోగ్రాంలు రాస్తడు, లూప్ జర తప్పిందంటే మౌస్ గుడ కదల్దు ఇగ, పవర్ బటన్ నొక్కి బంద్ చేసుడే. లిమిట్లు చూపించే యూలిమిట్ కమాండ్ కొట్టి చూస్తే ప్రాసెస్‌లు 31 వేల చిల్లర అని చూపిస్తుంది. దోస్తు ఒకడు వంద పెట్టు సాలు అంటుండు, నిజమేనా?

కాజీపేట_టెర్మినల్:
వంద పెడితే మీవోనికి డెస్క్‌టాపే సక్కగ రాదు తమ్మీ. పేరుకు ప్రాసెస్ లిమిట్ గని కర్నెల్ (లినక్స్ గుండెకాయ) లెక్కవెట్టేది థ్రెడ్‌లను (ఒక ప్రాసెస్ లోపల విడివిడిగ నడిచే పనులు), అదిగుడ ఒక్క టెర్మినల్‌వి కాదు, ఆ యూజర్ పేరు మీద నడిచేవన్నీ కలిపి. బ్రౌజర్ ఒక్కటే వందలు తింటది. ఆ 31 వేలు గుడ నీ అవసరం చూసి పెట్టింది కాదు, ర్యామ్‌ని బట్టి కర్నెల్ కట్టిన లెక్క, 16 జీబీ ఉంటే దగ్గరదగ్గర డబల్ ఉంటది. ముందుగాల వాడు రోజూ వాడేటివన్నీ తెరిచిపెట్టి, నడిచేవి చూపించే పీఎస్ కమాండ్‌కి పెద్ద ఎల్, చిన్న యు ఆప్షన్లు ఇచ్చి వాని పేరు మీద ఎన్ని లైన్లు వస్తయో చూడు. ఏడెనిమిది వందలు వచ్చినయ్ అనుకో, సాఫ్ట్ 2000, హార్డ్ 3000 పెట్టు. ఈటీసీ లోపల సెక్యూరిటీ ఫోల్డర్ల లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఉంటది, అండ్ల ఎన్‌ప్రాక్ అని రాయాలె. సాఫ్ట్‌ని వాడే హార్డ్ దాకా పెంచుకోవచ్చు, అందుకే హార్డే అసలుది. రాసినంక ఒకసారి రీబూట్ కొట్టు. ఎన్‌ప్రాక్ పేరుతోని కమాండ్ గుడ ఉన్నది, అది సీపీయూలు లెక్కవెడ్తది, దీనికి సంబంధం లేదు.

ఓరుగల్లు_రూట్:
పైన అన్న చెప్పింది కరెక్టే గని ఆ లిమిట్ రూట్‌కి (అన్ని హక్కులున్న అడ్మిన్ యూజర్) పట్టదు, తమ్ముడు సుడో (రూట్ హక్కులతోని నడిపే కమాండ్) పెట్టి నడిపిండంటే మళ్ల గదే కథ. నేనైతే సిస్టమ్‌డీ (సిస్టంల సర్వీసులు, లాగిన్లు చూసుకునేది) లనే చేస్త, వాని యూజర్ స్లైస్‌కి (వాని ప్రాసెస్‌లన్నీ ఉండే గుంపు) టాస్క్స్‌మాక్స్ (ఆ గుంపుల ఎన్ని నడవచ్చో హద్దు) 3000 అని సిస్టమ్‌సీటీఎల్ సెట్-ప్రాపర్టీతోని పెడితే అప్పటికప్పుడే పట్టుకుంటది, టెర్మినల్ల సుడోతోని నడిపినయి గుడ అండ్లనే లెక్కకొస్తయ్. అయినా వానికి సుడో ఎందుకు ఇచ్చినవ్?

హన్మకొండ_పోరడు:
స్లైస్‌కి 2500 పెట్టిన అన్నా. అదే ప్రోగ్రాం మళ్ల నడిపిస్తే రిసోర్స్ టెంపరరీలీ అనవైలబుల్ అని వస్తుంది, జర స్లో అయింది గని సిస్టం నడుస్తుంది. మరి లోపల తిరుగుతున్నయి ఎట్ల ఆపాలె, ఒకటి చంపితే ఇంకోటి పుడుతుంది!

కాజీపేట_టెర్మినల్:
ఒక్కోటి చంపకు. నీ అకౌంట్ల నుంచి సుడో పీకిల్ కమాండ్‌తోని ఆ ప్రోగ్రాం పేరుకు ముందు స్టాప్ సిగ్నల్ పంపు, అన్నీ ఆగినంక కిల్ పంపు. ఇంకోటి, ఈ లిమిట్ ర్యామ్‌ని ఆపదు, ప్రాసెస్‌లు తక్కువే ఉన్నా మెమరీ మింగితే మళ్ల హ్యాంగే, గందుకు అదే స్లైస్‌కి మెమరీమాక్స్ (ర్యామ్ హద్దు) 5 జీబీ పెట్టు.