కేవైసీలో కళ్లు ఆర్పమంటే ఏం చెయ్యాలి?

కావలి నుంచి: నాకు పుట్టుకతోనే చూపు లేదు. కిరాణా అంగడి పెట్టుకున్నా. బ్యాంకు యాప్‌లో వీడియో కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో వీడియోలో సరిచూసే పద్ధతి, 'కళ్లు ఆర్పండి' అంటుంది. ఫోన్ తెర మీదున్నది పైకి చదివే టాక్‌బ్యాక్ అది చదివేలోపే టైమ్ అయిపోతుంది. బ్రాంచికి పోతే ర్యాంపు లేదు, అన్నీ మెట్లే. పైగా "ఎవరినన్నా తోడు తెచ్చుకో" అన్నారు. ఖాతా నాదైతే తోడెందుకు?

ఒంగోలు నుంచి: అన్నా, యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్ వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగం. కళ్లు ఆర్పడమొక్కటే కాదు, వేరే పద్ధతీ ఉండాలి. బ్యాంకుకు ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకో. నోటిమాట ఎవరు పట్టించుకుంటారు! 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టు.

నెల్లూరు నుంచి: మెట్ల సంగతీ రాయండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది.

కావలి నుంచి: సరే, సోమవారం ఇస్తా. మెట్ల ఫొటోలు మా చెల్లి తీస్తానంది.