సస్టైనబిలిటీ రంగంలో ‘ఇన్‌క్లూజన్ అడ్వైజర్’గా ఉండమంటున్నారు. ఒప్పుకునే ముందు ఏం అడగాలి?

జాలరిపేట అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టి చదవండి.

సిరిపురంలో ఒక ఎన్విరాన్‌మెంట్ కన్సల్టెన్సీలో ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీలు, జెట్టీలు కట్టే ముందు కావాల్సిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులు రాయడం మా పని. పదకొండు మందిమి. ఆడవాళ్లం ఇద్దరం. మత్స్యకారుల ఇంటి నుంచి వచ్చింది నేనొక్కదాన్నే. పోయిన నెల మా డైరెక్టర్ గారు పిలిచి, “వైజాగ్‌లో ఈ రంగంలో ఉన్న నాలుగైదు సంస్థలం కలిసి ఒక సలహా బృందం పెడుతున్నాం. అన్ని రకాల వాళ్లూ ఈ వృత్తిలోకి రావాలంటే, వచ్చినవాళ్లు నిలబడాలంటే ఏం మార్చాలో మీరు చెప్పాలి. మన తరఫున నువ్వుండమ్మా” అన్నారు. నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ వారమే కరపత్రానికి ఫొటో కూడా తీసుకున్నారు. పనేమిటో, ఎంత సమయం పడుతుందో, మేం చెప్పింది ఎవరు వింటారో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. అందుకే టెన్షన్.

ఈ విషయం నాకెందుకు ఇంత పట్టిందో చెప్పాలి. మూడేళ్ల కిందట తీరం పక్కన ఒక ప్రాజెక్టుకి బేస్‌లైన్ సర్వే, అంటే కట్టడం మొదలవకముందు అక్కడి పరిస్థితి ఎలా ఉందో రాసుకోవడం, చేశాం. మార్చి నుంచి మే దాకా, ఎండాకాలం సీజన్. చేపల వేట చాప్టర్ ఒక జూనియర్ కుర్రాడు రాశాడు. మంచి పనిమంతుడు, కళ్లతో చూసిందే రాశాడు. మే రెండో వారంలో వెళ్లాడు. బోట్లన్నీ ఒడ్డున ఇసుకలోకి లాగి ఉన్నాయి, వలలు పాకల్లో చుట్టి ఉన్నాయి. “ఈ గ్రామంలో చేపల వేట నామమాత్రం” అని రాశాడు. డ్రాఫ్ట్ నా చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది, మర్నాడు పంపేయాలి. అనుమానం వచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

“మే నెల్లో ఏటకి ఎవులెల్తారే? నిషేదం కదేటి!” అంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. మోటారు లేని తెప్పలకి మినహాయింపు ఉంది గానీ, ఆ ఊళ్లో దాదాపు అందరివీ మోటారు పెట్టిన ఫైబర్ బోట్లే. మా పేటలో చిన్న పిల్లనడిగినా చెప్పే సంగతి. మా ఆఫీసులో పది మంది చదివారు, ఒక్కరికీ తట్టలేదు. వాళ్లకి చదువు తక్కువై కాదు. ఆ రెండు నెలలు ఇంట్లో డబ్బు రాకుండా గడపడం అంటే ఏమిటో వాళ్లెవరి ఇంట్లోనూ తెలియదు.

పంపడం ఆపించి, జూన్ ఆఖరులో మళ్లీ వెళ్లాం. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒడ్డున నిలబడి లెక్కపెడితే అరవై దాకా బోట్లు దిగాయి. ఎండెక్కాక ఆడవాళ్లు నెత్తళ్లు ఆరబోయడం మొదలుపెట్టారు. ఇసుక మీద పాత వలలు పరిచి, చేప మీద చేప పడకుండా చేత్తో చిమ్ముతారు, మధ్యాహ్నానికి తిరగేస్తారు. ఎండు చేపల డబ్బు ఆడవాళ్ల చేతికే వస్తుంది, పిల్లల ఫీజులు దాంతోనే. వాళ్లు ఆరబోసుకునే ఆ నేల మా మ్యాపులో ‘ఖాళీ ఇసుక ప్రదేశం’. ప్రాజెక్టు రోడ్డు సరిగ్గా దాని మీదుగా గీసి ఉంది. తర్వాత ఆ గీతని పక్కకి జరిపించాం.

కాబట్టి డైవర్సిటీ అంటే నాకు రిపోర్టులో తప్పు దొర్లడమా, దొర్లకపోవడమా అన్న విషయం. ఒక ఊరి జీవనాధారం మా కాగితం మీద ఉంటుందా, మాయమవుతుందా అన్న విషయం. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి ముందు రిపోర్టు సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలి. తెలుగులో ఇస్తున్నారు కూడా. ‘అవక్షేపణ’, ‘సంచిత ప్రభావం’ అని ఉంటుంది. చదివిన ఆడవాళ్లు నన్నే పక్కకి పిలిచి “ఇందులో మా మాటేదమ్మా?” అని అడిగారు.

ఇప్పుడు మా ఉద్యోగ ప్రకటన చూడండి. ఇంగ్లిష్ ధారాళంగా రావాలి. సొంత బండి ఉండాలి. మొదటి ఆరు నెలలు స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్. నేను ఆ ఆరు నెలలు గడిపింది అమ్మ ఎండు చేపల గంప మీద. మా పేటలోనే ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదివిన ఇద్దరమ్మాయిలు ఆ ఒక్క లైను చూసి వెనక్కి తగ్గారు. ఒకమ్మాయి బట్టల షాపులో చేస్తోంది.

నా ప్రశ్నలు ఇవే. ఒప్పుకోవాలా? ఒప్పుకుంటే ముందుగా ఏం అడిగి రాయించుకోవాలి? ఇలాంటి సలహాదారుగా పనిచేసినవాళ్లు ఉంటే, మొదటి ఆరు నెలల్లో ఏ పని పట్టుకుంటే నిజంగా ఏదైనా కదిలింది? ప్రతి ఫొటోలోనూ ‘మత్స్యకార బిడ్డ’గా నిలబడటం ఒక్కటే నా పనైపోతుందేమో అని భయంగా ఉంది.

గాజువాక రిపోర్టర్

ఒప్పుకోండి మేడమ్. కానీ ఒక పేజీ కాగితం లేకుండా రెండో మీటింగుకి వెళ్లకండి.

నేను కంపెనీలకి బీఆర్‌ఎస్‌ఆర్ రిపోర్టులు తయారుచేస్తాను. పర్యావరణం, ఉద్యోగులు, సమాజం విషయంలో కంపెనీ ఏం చేస్తోందో ఏటా చెప్పే రిపోర్టు అది. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దీన్ని 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి తప్పనిసరి చేసింది. అందులో తలల లెక్క పట్టిక ఉంటుంది. ఉద్యోగులు వేరు, కార్మికులు వేరు, పర్మినెంటు ఎందరు, కానివాళ్లెందరు, ఆడా మగా, దివ్యాంగులెందరు. మొత్తం జీతాల్లో ఆడవాళ్లకి వెళ్లిన వాటా ఎంతో కూడా అందులోని ముఖ్య అంశాల భాగమైన బీఆర్‌ఎస్‌ఆర్ కోర్‌లో అడుగుతారు. ఇవన్నీ మేం క్లయింట్లని అడుగుతాం. ఆ పట్టిక నింపే మా టీముకి మాత్రం ఎవరూ నింపలేదు. నేను మా ఆఫీసులో చేసిన మొదటి పని అదే. ఒక శనివారం కూర్చుని అదే పట్టికలో మా లెక్క వేసి మీటింగులో పెట్టాను. వాదన అక్కర్లేకపోయింది.

ఆ పట్టికలో కులం, ఇంటి భాష, ఇంట్లో మొదటి డిగ్రీ ఎవరిది అన్న గడులు ఉండవు. మనకి అవే ముఖ్యం. పేరు లేకుండా, ఇష్టమైతేనే చెప్పేలా అడగండి. పదకొండు మందిలో పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోతుంది, కాబట్టి బృందంలోని అన్ని సంస్థలవీ కలిపి అడగండి.

ఇంకో లెక్క కూడా అడగండి, అది ఎవరూ ఇవ్వరు: రెండేళ్లలో ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు. చేర్చుకున్నవాళ్ల లెక్క అందరూ చూపిస్తారు.

2014లో అమెరికాలో డోర్సెటా టేలర్ అనే ప్రొఫెసర్ పర్యావరణ సంస్థల మీద పెద్ద అధ్యయనం చేశారు. దేశ జనాభాలో మూడో వంతుకి పైగా ఉన్న శ్వేతజాతీయేతరులు ఆ సంస్థల సిబ్బందిలోగానీ బోర్డుల్లోగానీ 16 శాతం దాటలేదు. ఖాళీల సంగతి తెలిసినవాళ్ల మధ్యే నోటి మాటగా తిరగడం ఒక కారణమని ఆవిడ చూపించారు. మన దగ్గర ఆ పని వాట్సాప్ గ్రూపులు చేస్తున్నాయి. మా బ్యాచ్ గ్రూపులో పడిన ఉద్యోగం మా బ్యాచ్ వాడికే పోతుంది. ప్రతి ఖాళీ బయట కనపడేలా వేయాలని మొదటి సలహాగా రాయండి.

కాగితంలో ఉండాల్సినవి: ఈ పని గంటలు ఆఫీసు గంటల్లోనే లెక్క, ఏ సలహాకైనా నెలలోగా ఒప్పుకుంటున్నామనో, ఒప్పుకోవడం లేదనో కారణంతో రాసివ్వాలి, జవాబిచ్చే మనిషి ఫలానా అని ఉండాలి. ఇంకో జాగ్రత్త. అమ్మాయిలు మీ దగ్గరికి వేధింపుల సంగతులు తెస్తారు. వినండి, కానీ మీరు విచారణకి దిగకండి. పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, ఆ పైన ఉన్న ప్రతి ఆఫీసులో ఆ ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. మీ పదకొండు మందికీ వర్తిస్తుంది. ఉందో లేదో ముందు కనుక్కోండి.

కూర్మన్నపాలెం పెద్దాయన

తల్లీ, నీ వేట నిషేధం సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఒక ఫ్యాక్టరీలో ఎన్విరాన్‌మెంట్ విభాగంలో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను.

2009లో మాకు మొదటి ఆడ ఇంజనీరు వచ్చింది. స్టాక్ మానిటరింగుకి, అంటే చిమ్నీ పొగ పరీక్షకి వేశాం. చిమ్నీకి నిలువు నిచ్చెన ఉంటుంది, దాని మీద ప్లాట్‌ఫాం దాకా ఎక్కి, కిట్ తాడుతో లాక్కుని, రంధ్రంలోంచి పొగ శాంపిల్ తీయాలి. స్టోర్స్‌లో సేఫ్టీ షూ ఏడో నంబరు నుంచే ఉండేవి. ఆ అమ్మాయిది నాలుగు. ముందు భాగంలో దూది కుక్కి, రెండు జతల సాక్సులు వేసుకుని ఎక్కేది. ఒకరోజు కింద నిలబడి చూస్తున్నాను, ఎడమ కాలు మెట్టు తప్పింది. బెల్టు పట్టింది కాబట్టి సరిపోయింది. ఆ బెల్టు కూడా మగవాళ్ల కొలతే, భుజాల మీంచి జారుతుండేది. నాలుగో నంబరు కావాలని ఇండెంటు పెడితే, ఒక్క జత కొనడం కుదరదన్నారు.

ఆ చిమ్నీ దగ్గర్నుంచి ఆడవాళ్ల టాయిలెట్ కిలోమీటరు దూరం, అడ్మిన్ బిల్డింగులో. మే నెల ఎండలో ఆ పిల్ల మంచినీళ్లు తాగడం మానేసింది. ఏడాదికి ఉద్యోగం కూడా మానేసింది. “ఫీల్డ్ పని ఆడవాళ్లకి సరిపడదు” అని ఫైల్లో రాశారు. దాని కింద సంతకం నాది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. సరిపడనిది షూ. నేను అలా రాయాల్సింది.

అందుకని నీ బృందాన్ని ఏసీ గదిలో కూర్చోనివ్వకు. ప్రతి సైటుకీ వెళ్లి స్టోర్స్ రిజిస్టరు తెరిపించు, షూలు ఏ నంబరు నుంచి ఉన్నాయో రాసుకో. టాయిలెట్ ఎంత దూరమో నడిచి చూడు.

ఎంవీపీ శ్రోత

నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను. కంపెనీల వల్ల ఎంత కార్బన్ గాలిలోకి వెళ్తోందో లెక్కలు చేస్తాను. ఈ పని చూపు లేనివాళ్లు చేయగలరా అని అడిగేవాళ్లకి ఒకటే చెబుతాను. అందులో స్కోప్ 2 అనే లెక్క అంటే ప్రధానంగా కరెంటు బిల్లులో యూనిట్లు తీసుకుని ఉద్గార గుణకంతో, అంటే ఒక్కో యూనిట్‌కి ఎంత కార్బన్ వెలువడుతుందో చెప్పే సంఖ్యతో హెచ్చవేయడం. ఎక్సెల్ షీటుని స్క్రీన్ రీడర్ నాకు గడి గడీ చదివి వినిపిస్తుంది. బిల్లుని ఫొటో తీసి పంపితే మాత్రం నాకు తెల్ల కాగితంతో సమానం.

బీఆర్‌ఎస్‌ఆర్‌లోనే ఒక ప్రశ్న ఉంది: 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మీ ప్రాంగణాలు అందుబాటులో ఉన్నాయా అని. ‘ఉన్నాయి’ అని రాసి, ఆ పేజీని స్కాన్ చేసి పెట్టిన రిపోర్టులు నా చేతికి వచ్చాయి. ఆ ‘ఉన్నాయి’ అన్న మాట నేను వేరేవాళ్ల చేత చదివించుకోవాల్సి వచ్చింది.

మీ ప్రకటనలో ‘ఫీల్డ్ విజిట్లకి శారీరకంగా ఫిట్‌గా ఉండాలి’ అనే లైను ఉందేమో చూడండి. డెస్కు ఉద్యోగాలకి కూడా అదే లైను కాపీ అవుతుంటుంది. నేను మూడు చోట్ల అక్కడే ఆగిపోయాను. ఏ పోస్టుకి నిజంగా ఫీల్డ్ అవసరమో విడదీసి రాయించండి. ఖర్చు లేని పని, ఒక్క రోజులో అయ్యేది.

పాడేరు నుంచి

అక్కా, మా ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతాం. తెలుగు బళ్లో నేర్చుకున్నాను, ఇంగ్లిష్ కాలేజీలో. అడవి మీద ప్రాజెక్టుకి ఇంటర్వ్యూ, అడవి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా ఇంగ్లిష్ ఉచ్చారణ సరిచేసి పంపేశారు. మీ బృందం ఇంటర్వ్యూ ప్రశ్నలు కూడా చూస్తే బాగుంటుంది. స్టైపెండ్ ఉంటే ఇంటర్న్‌గా రావడానికి నేను సిద్ధం.

జాలరిపేట అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. పెద్దాయన గారూ, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను, “ఆ పిల్ల ఇప్పుడేటి సేస్తందో” అంది. మీకు తెలిస్తే చెప్పండి.

ఇవాళ డైరెక్టర్ గారిని కలిశాను. గంటలు ఆఫీసు సమయంలోనే అన్నది వెంటనే ఒప్పుకున్నారు. రాతపూర్వక జవాబు సంగతి మిగతా సంస్థలని అడిగి చెబుతామన్నారు. స్టైపెండ్ దగ్గర మాత్రం ఆగారు, బడ్జెట్ లేదన్నారు. ఆ కరపత్రం ప్రింటింగుకి ఎంతయిందో అడిగాను. చూసి చెబుతామన్నారు. అంతర్గత కమిటీ కాగితం మీద ఉంది, అందులో బయటి సభ్యురాలి పేరు ఖాళీగా ఉంది. అది నింపించే పని రేపే మొదలుపెడుతున్నాను.

వచ్చే శనివారం మొదటి మీటింగ్. మూడు సైట్లలో షూ నంబర్లు అప్పటికి నా దగ్గర ఉంటాయి. పరవాడ, అచ్యుతాపురం వైపు పనిచేసే ఆడవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ స్టోర్స్‌లో అతి చిన్న సైజు ఏదో ఇక్కడే రాయండి. కంపెనీ పేరు అక్కర్లేదు.

పాడేరు తమ్ముడూ, నీ మెసేజ్ చూశాను, రాత్రికి ఫోన్ చేస్తాను.