“హాలికులైన నేమి”: గిర్మిటియాకు ఈ మాట సరిపోతుందా?

హనుమకొండ నుంచి: ఫిజీ చరిత్రకారుడు బ్రిజ్ లాల్ కృషిపై వ్యాసం రాస్తున్నంతసేపూ పోతన చాటువులోని “హాలికులైన నేమి” మనసులో మెదులుతోంది. గిర్మిటియా (ఒప్పంద కూలీగా ఫిజీ వెళ్లిన భారతీయుడు) మనుమడైన ఆయన, కలకత్తా రేవు నుంచి ఫిజీకి వెళ్లిన 45,439 మంది వలస పత్రాలను శోధించి, ఎవరిది ఏ కులమో, ఏ జిల్లానో తేల్చారు. ఐదేళ్ల ఒప్పందంపై చెరకు తోటల్లో శ్రమించిన ఆ కూలీలను హాలికులు అనవచ్చునా? ఆ చాటువులో తరువాత వచ్చేది “కౌద్దాలికులు” అనా, “గౌద్దాలికులు” అనా?

జనగామ నుంచి: అనకూడదు సార్. “నిజదార సుతోదర పోషణార్థమై” అన్నారు కదా, అందులోని “నిజ” శబ్దమే కీలకం. తన ఆలుబిడ్డల కోసం దున్నేవాడే హాలికుడు. పని మానితే జైలుకు పంపే ఒప్పందం కింద ఉన్నవాడికి ఆ స్వేచ్ఛ ఎక్కడిది?

కరీంనగర్ నుంచి: హాలికుడంటే నాగలి పట్టినవాడనే అర్థం, పొలం ఎవరిదన్న నియమం ఆ శబ్దంలో లేదు. దొర పొలం దున్నిన జీతగాడూ హాలికుడే. అప్పు తీరేదాకా దొర దగ్గర కట్టుబడిన భాగేలాల ఒప్పందాలపై నిజాం ప్రభుత్వం 1936లో చట్టం చేయవలసి వచ్చిందంటే, ఆ హాలికులకు “నిజ” శబ్దం ఎంత దూరమో ఊహించవచ్చు.

జనగామ నుంచి: మీ ఉదాహరణ నా వాదానికే బలం. 1840లో బ్రిటిష్ వలసల మంత్రి లార్డ్ రస్సెల్ ఇలాంటి ఒప్పంద కూలీల వలసను “కొత్త తరహా బానిసత్వం” కాగలదని శంకించారు. 1974లో చరిత్రకారుడు హ్యూ టింకర్ ఆ మాటనే తన గ్రంథానికి పేరుగా పెట్టుకున్నారు.

హనుమకొండ నుంచి: లాల్ ఆ మాటను పూర్తిగా ఒప్పుకోలేదు. వెళ్లినవారంతా మోసపోయినవారు కారని, పని వెతుక్కుంటూ అప్పటికే సొంత జిల్లా దాటినవారు వారిలో ఎందరో ఉన్నారని ఆ పత్రాల ఆధారంగానే చూపారు. బానిస అనేస్తే వారి నిర్ణయం చెరిగిపోతుంది, హాలికుడంటే వారి నిర్బంధం కనబడదు. నా ఇబ్బంది అదే.

బమ్మెర నుంచి: అసలు అక్షరాన్ని అందరూ వదిలేశారు. “కందమూల” తరువాత తత్సమ సమాసం కనుక కకారమే నిలవాలి, “గౌ” కుదరదు. కుద్దాలమంటే తవ్వుకోల. చెరకు తోటలో కూలీ చేతిలో ఉన్నదీ నాగలి కంటే పారే ఎక్కువ కాబట్టి, మీరు వెతకవలసిన పదం హాలికుడు కాదేమో.

కరీంనగర్ నుంచి: సమాసం సంగతి ఒప్పుకుంటాను. కానీ పోతన కౌద్దాలికుడు అడవిలో తన కోసం దుంపలు తవ్వుకునేవాడు. అతడికి పైన పని చేయించే సర్దారు లేడు.