యెన్ష్‌వాల్డే ప్లాంట్‌లో ఆఫర్ వచ్చింది, ఒప్పుకోమంటారా?

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. జర్మనీలో లైప్‌త్సిగ్ వచ్చి కొద్ది నెలలే అయింది. పాల్వంచలో కేటీపీఎస్ థర్మల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కంపెనీ తరఫున బాయిలర్ మెయింటెనెన్స్ చేశాను, ట్యూబ్ లీకేజీలు, బొగ్గు దంచే మిల్లులు, షట్‌డౌన్ పనులు. ఇప్పుడు రెండు ఆఫర్లు ఉన్నాయి. ఒకటి కాట్‌బుస్ దగ్గర యెన్ష్‌వాల్డే ప్లాంట్‌లో పనిచేసే సర్వీసు కంపెనీ, రెండేళ్ల కాంట్రాక్టు, జీతం బాగుంది. రెండోది కొలోన్ దగ్గర, నోయ్‌రాత్ ప్లాంటుకు పనులు చేసే కంపెనీ, పర్మనెంట్ కానీ జీతం తక్కువ. బొగ్గు ప్లాంట్లన్నీ మూసేస్తున్నారు, ఆ ఫీల్డే వదిలేయమని రూమ్మేట్లు అంటున్నారు. భార్య, మూడో తరగతి పాప ఇంకా ఊళ్లోనే ఉన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, సలహా ఇవ్వండి.

— — —

ఎస్సెన్ నుంచి:

మీ రూమ్మేట్లు చెప్పింది సగమే నిజం. మూస్తున్నారు, కానీ అన్నీ ఒకేసారి కాదు. 2020లో చేసిన చట్టంలో లిగ్నైట్ (గోధుమ రంగు బొగ్గు) ప్లాంట్లకు బ్లాకు బ్లాకుకూ, అంటే ఒక్కో యూనిట్‌కూ, ఆఖరి తేదీ రాసి ఉంది, అది ఎవరైనా చదువుకోవచ్చు. కాబట్టి ‘జర్మనీలో బొగ్గు ఉంటుందా, పోతుందా’ అని కాకుండా, నన్ను ఏ ప్లాంటులో ఏ బ్లాకు మీద పెడుతున్నారు, దాని తేదీ ఎప్పుడు అని అడగండి.

యెన్ష్‌వాల్డేలో ఒకప్పుడు 500 మెగావాట్ల బ్లాకులు ఆరు, మొత్తం 3,000 మెగావాట్లు. అందులో ఈ, ఎఫ్ బ్లాకులను ముందే రిజర్వులో పెట్టారు, 2022లో గ్యాస్ కొరత వచ్చినప్పుడు మళ్లీ నడిపారు, 2024 మార్చి ఆఖరుకు పూర్తిగా ఆపేశారు. మిగతావి కూడా 2028 చివరికల్లా ఆగాలి. కాట్‌బుస్ చుట్టుపక్కల ఉన్న అదే లౌసిత్స్ ప్రాంతంలో ష్వార్ట్‌సె పుంపె రెండు బ్లాకులకూ, బాక్స్‌బెర్గ్‌లో కొత్త బ్లాకులకూ గడువు 2038. లైప్‌త్సిగ్ పక్కనే, మీరున్న చోటికి దగ్గర్లోనే, లిప్పెన్‌డార్ఫ్ ఉంది, దానికి 2035. ఒకే ప్రాంతం, ఒకే రకం బొగ్గు, తేదీల్లో పదేళ్ల తేడా.

మా వైపు రైన్ ప్రాంతంలో లెక్క వేరు. ఇక్కడ ఆర్‌డబ్ల్యూఈ అనే కరెంటు కంపెనీ ప్లాంట్లకు 2030 అని 2022లో ఒప్పందం కుదిరింది. నోయ్‌రాత్‌లో 2012లో మొదలైన రెండు పెద్ద బ్లాకులు ఆఖరిదాకా నడిచేవాటిలో ఉన్నాయి, వాటిని 2033 చివరివరకు రిజర్వులో ఉంచే వీలు కూడా చట్టంలో పెట్టారు. వైస్‌వైలర్ మాత్రం 2029లోనే ఆగిపోతుంది. ఇక దిగుమతి చేసుకునే నల్లబొగ్గుతో నడిచేవాటి సంగతి వేరే, వాటికి ఇలా బ్లాకు వారీ తేదీలు రాయలేదు. వేలం వేసి ఎవరు తక్కువ పరిహారానికి మూస్తామంటే వాళ్లవి మూయించారు. హాంబుర్గ్‌లో మూర్‌బుర్గ్ 2015లో మొదలై, మొదటి వేలంలోనే గెలిచి, 2021లో పూర్తిగా ఆగిపోయింది. ప్లాంటు కొత్తదైనంత మాత్రాన ఎక్కువ కాలం నడుస్తుందని నమ్మకం పెట్టుకోవద్దని అందుకే చెబుతున్నా.

ఇప్పుడు పని సంగతి. మీకు సింగరేణి బొగ్గు అలవాటు, ఇక్కడి లిగ్నైట్‌లో సగం దాకా నీళ్లే ఉంటాయి. మన దగ్గర బౌల్ మిల్లుకి ఎయిర్ హీటర్ నుంచి వేడి గాలి పంపి ఆరబెడతాం కదా, ఇక్కడ ఆ వేడి చాలదు. ఫర్నేసు పైభాగం నుంచి నిప్పులాంటి ఫ్లూ గ్యాస్‌నే, అంటే బొగ్గు మండాక వచ్చే పొగనే, మిల్లులోకి లాగుతారు, మిల్లు ఫ్యాన్ లాగా తిరుగుతూ ఆ గ్యాసును లాగుతుంది, బొగ్గును ఆరబెడుతుంది, దంచుతుంది, తిరిగి బర్నర్లలోకి ఊదుతుంది, అన్నీ అదే చక్రం. బొగ్గులో ఇసుక ఉంటుంది కాబట్టి ఆ చక్రం దెబ్బలు తిని తిని అరిగిపోతుంది, దాన్ని మార్చే పని ఎడతెగదు. తమిళనాడులో నైవేలి లిగ్నైట్ ప్లాంట్లలో పనిచేసిన వాళ్లెవరైనా తెలిస్తే ఫోన్ చేసి ఒక గంట మాట్లాడండి, ఇంటర్వ్యూలో అది చాలా పనికొస్తుంది. బాయిలర్లు కూడా టవర్ రకం, ష్వార్ట్‌సె పుంపెలో బాయిలర్ హౌస్ ఎత్తు 161 మీటర్లు.

మీ ఐబీఆర్ (మన దేశపు బాయిలర్ నిబంధనలు) అనుభవాన్ని రెజ్యూమెలో రాయండి, కానీ ఇక్కడి నిబంధనలు వేరు కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. సర్వీసు కంపెనీల్లో ముందు అడిగేది ఎస్‌సీసీ సేఫ్టీ పరీక్ష. వెల్డింగ్ వైపు ఆసక్తి ఉంటే ఇంటర్నేషనల్ వెల్డింగ్ ఇంజినీర్ కోర్సు చేయండి, ఆ సర్టిఫికెట్‌కి బొగ్గుతో సంబంధం లేదు, ఎక్కడైనా చెల్లుతుంది. ఇంకో మాట, చెత్త కాల్చి కరెంటు, ఊరికి వేడినీళ్లు ఇచ్చే ప్లాంట్లు జర్మనీ అంతటా ఉన్నాయి, వాటికి మూసివేత తేదీ లేదు. చెత్తలోని క్లోరిన్ ట్యూబులను తినేస్తూనే ఉంటుంది కాబట్టి మీ చేతిలో ఉన్న పని వాళ్లకు ఎప్పుడూ కావాలి. నా అభిప్రాయంలో మీరు ఈ బొగ్గు ఉద్యోగంలో చేరేది అలాంటి ప్లాంట్లకు చేరుకోవడానికే.

— — —

కాట్‌బుస్ నుంచి:

తమ్ముడూ, టెక్నికల్ విషయాలు అన్నయ్య చెప్పారు, నేను ఊరి సంగతి చెబుతాను. ఇక్కడ బీటీయూ యూనివర్సిటీ ఉంది, పవర్ ఇంజినీరింగ్ కోర్సు కోసం మనవాళ్లు బాగానే వస్తారు, కాబట్టి ఒంటరివాడివి అయిపోవు. కొలోన్‌తో పోలిస్తే అద్దెలు చాలా తక్కువ, ఇల్లు దొరకడం తేలిక, పాపను తీసుకొస్తే ఈ తేడా నీకు నెల నెలా తెలుస్తుంది. జీతం ఒక్కటే పోల్చుకోకు, అద్దె తీసేసి పోల్చుకో.

చేరాక ఒకటి గుర్తుపెట్టుకో. ఇక్కడ 1989లో లిగ్నైట్ గనులు, ప్లాంట్లలో దాదాపు 80 వేల మంది పనిచేసేవాళ్లు. బెర్లిన్ గోడ కూలాక కొద్ది సంవత్సరాల్లోనే అందులో ఎక్కువ మంది ఉద్యోగాలు పోయాయి, చివరికి ఎనిమిది వేలకు అటూ ఇటూగా మిగిలారు. నీతో పనిచేసే యాభై ఏళ్ల మనిషి చిన్నప్పుడు వాళ్ల నాన్న ఉద్యోగం పోవడం చూసి ఉంటాడు, ఇప్పుడు తన వంతు వచ్చింది. ఊరి ఫుట్‌బాల్ క్లబ్ పేరే ఎనర్జీ కాట్‌బుస్. అందుకని బ్రేక్‌రూమ్‌లో బొగ్గు మంచిదా చెడ్డదా అనే మాట నువ్వు ఎత్తకు, వాళ్లు ఎత్తితే విను. గనుల కోసం వంద పైగా ఊళ్లు లేచిపోయాయి, వాటిలో చాలావరకు ఇక్కడి అల్పసంఖ్యాకుల భాష సోర్బ్ మాట్లాడేవాళ్లవి. ఇక్కడ రోడ్డు బోర్డుల మీద రెండు భాషలు కనిపిస్తాయి, ఆ కుటుంబాల వాళ్లకు బొగ్గు మీద వేరే కోపం ఉంది. ఇద్దరి బాధా నిజమే.

వలస వచ్చినవాళ్లంటే పడని పార్టీకి ఈ ప్రాంతంలో ఓట్లు ఎక్కువ, అది దాచి ప్రయోజనం లేదు. భాష వచ్చాక ప్లాంటు సహోద్యోగుల ధోరణి మారడం నేను చూశాను. రాత్రి పూట స్టేషన్ దగ్గర ఒంటరిగా తిరగడం తగ్గించుకో, అంతే.

ప్రభుత్వం బొగ్గు ప్రాంతాలకు 2038 దాకా 40 బిలియన్ యూరోల వరకు ఇస్తానంది. దాని ఫలితం కళ్లకు కనిపిస్తోంది, 2024 జనవరిలో ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్ల పెద్ద వర్క్‌షాప్ తెరిచారు, అదే ఏడాది మెడికల్ యూనివర్సిటీ పెట్టారు. నీ భార్య నర్సింగ్ కానీ ల్యాబ్ వైపు కానీ ఉంటే రాసి పెట్టు, చెబుతాను.

— — —

అడిగినవారు:

చాలా థాంక్స్ అక్కా, అన్నయ్యా. భార్య ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చేసింది. ఒక డౌటు. యెన్ష్‌వాల్డే మూసినా పెద్ద వయసు వాళ్లకు ప్రభుత్వం డబ్బు ఇస్తుందని హెచ్‌ఆర్ అన్నారు, అది నాకూ వస్తుందా?

— — —

ఎస్సెన్ నుంచి:

రాదు. ఆ డబ్బు 58 దాటినవాళ్లకు పెన్షన్ వచ్చేదాకా ఇచ్చేది, ముప్పైల్లో ఉన్న మీ దాకా రాదు. మీకు ఆధారం మామూలు నిరుద్యోగ భృతి, దానికి కూడా గత 30 నెలల్లో కనీసం 12 నెలలు పనిచేసి ఉండాలి. కాంట్రాక్టు అయిపోవడానికి మూడు నెలల ముందే లేబర్ ఆఫీసులో పేరు రాయించుకోవాలి, ఇది మరిచిపోతే భృతిలో కోత పెడతారు. బ్లూ కార్డు (చదువుకున్న ఉద్యోగులకిచ్చే వర్క్ పర్మిట్) మీద ఉంటే జర్మన్ భాషలో బీ1 స్థాయి పరీక్ష పాసై 21 నెలలకే పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేసుకోవచ్చు. అంటే రెండేళ్ల కాంట్రాక్టు ముగిసేలోపే మీ చేతికి అది రావచ్చు, కానీ భాష కోసం మొదటి నెల నుంచే కూర్చోవాలి.

సంతకం పెట్టే ముందు యెన్ష్‌వాల్డే వాళ్లకు ఒక మెయిల్ పంపండి. కాంట్రాక్టులో పనిచేసే చోటు అన్న క్లాజులో యెన్ష్‌వాల్డే ఒక్కటే ఉందా, ష్వార్ట్‌సె పుంపె, బాక్స్‌బెర్గ్‌లకు కూడా పంపుతారా అని అడగండి. ఆ రెండు పేర్లు రాతలో చేరిస్తే నేనైతే కాట్‌బుస్‌కే వెళతాను, చేర్చకపోతే జీతం తక్కువైనా నోయ్‌రాత్ తీసుకుంటాను. వాళ్ల జవాబు వచ్చాక ఆ పేరా మాత్రం జీతం అంకె తీసేసి, జర్మన్‌లో ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాం.