ఈ పేడపురుగు ఒంథోఫాగసా, కాకోబియసా?

ఉష్ణమండల అడవి అంచున రాత్రి లైటు దగ్గరికి వచ్చిన ఓ చిన్న పేడపురుగు ఒంథోఫాగస్, కాకోబియస్ అనే రెండు ప్రజాతుల్లో (ప్రజాతి అంటే దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు, జీనస్) దేనిదో తేల్చలేకపోతున్నాను. పొడవు 7 మిల్లీమీటర్లు. వక్షం పైభాగం రాగి మెరుపున్న ఆకుపచ్చ. గట్టి పై రెక్కలు మట్టిరంగు, వాటిపై ఉన్న నిలువు గాడుల మధ్య పొట్టి పసుపు నూగు. తలపై కొమ్ము లేదు, రెండు అడ్డ గట్లు ఉన్నాయి. రెక్కల మొదట్లో త్రికోణపు పలక కనబడదు.

గుర్తింపు పట్టిక ప్రకారం ముందు కాలి జంఘిక (తొడ తర్వాత వచ్చే, పళ్లున్న భాగం, టిబియా) కొస అడ్డంగా కోసినట్టుంటే కాకోబియస్, ఏటవాలుగా ఉంటే ఒంథోఫాగస్. చిక్కంతా ఇక్కడే. మట్టి తవ్వి తవ్వి రెండు కాళ్ల పళ్లూ బాగా అరిగిపోయాయి, లెన్స్ కింద కొస గుండ్రంగా కనిపిస్తోంది. ఫోటో యాప్ ఒక్కో కోణానికి ఒక్కో పేరు చెబుతోంది. మగదైతే జననాంగం చూసి జాతి దాకా వెళ్లొచ్చు. కానీ కడుపు కింద చివరి ఖండం మధ్యలో సన్నబడలేదు, కాబట్టి ఆడదే. పైగా ఒంథోఫాగస్‌లో 2000కు పైగా జాతులున్నాయి, రంగును నమ్ముకుంటే లాభం లేదు. ఉన్న నమూనా ఇదొక్కటే, కోసి చూడటానికి మనసొప్పడం లేదు.

జంఘిక అరిగిపోయిన ఆడపురుగులో, కోయకుండానే ఈ రెండు ప్రజాతులను కచ్చితంగా వేరుచేసే లక్షణం ఏ భాగంలో చూడాలి?